మూడు తీగల కాలం

టోటల్ స్టేషన్‌తో భూమి కొలిచేవాళ్లకు ఒకప్పుడు పొద్దు గూకినా పని ముగిసేది కాదు. ట్రైపాడ్లు, ప్రిజం కర్రలు వరండాలో ఓ మూలకు చేర్చి, కాళ్లు కడుక్కుని, సైటు ఆఫీసు రేకుల షెడ్డులోనో ఊళ్లో లాడ్జి గదిలోనో కంప్యూటర్ చుట్టూ చేరేవాళ్లు. పగలంతా ఎండలో కొలిచిన ఐదారు వందల బిందువులు పరికరం మెమరీలో ఉంటాయి. అవి కంప్యూటర్లోకి దిగితేనే డ్రాయింగు తయారవుతుంది, మెమరీ ఖాళీ అవుతుంది, మర్నాడు సర్వే పార్టీ మళ్లీ ఫీల్డుకు వెళ్తుంది. ఆ రెండు యంత్రాలనూ కలిపేది ఒక నల్ల కేబుల్.

"దిగిందా?"

"లేదు సార్, ఇంకా వెయిటింగ్ అనే చూపిస్తోంది."

1990ల చివర్లో, 2000ల మొదట్లో సర్వే క్యాంపుల్లో రాత్రిపూట తరచుగా వినబడిన మాటలివి. ఆ వెంటనే ఎవరో ఒకరు సంచీలోంచి మల్టీమీటర్ తీసేవారు. ఇంకొకరు కేబుల్ చివర హుడ్డు స్క్రూలు విప్పేవారు. అన్నం చల్లారిపోయేది.

అది సర్వేయర్లకు ఊపిరి సలపని కాలం. జాతీయ రహదారులు నాలుగు వరుసలవుతున్నాయి. 2004 తర్వాత జలయజ్ఞం సాగునీటి కాలువలు, హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. దేనికైనా ముందు సర్వే జరగాలి. అంతకు ముందు తరం గొలుసు లాగి, థియోడలైట్‌లో కోణం చూసి, ఫీల్డ్‌బుక్కులో పెన్సిల్‌తో రాసుకునేది. టోటల్ స్టేషన్ వచ్చాక కోణాన్నీ దూరాన్నీ ఒకే పరికరం కొలిచి, తన మెమరీలో తానే రాసుకోవడం మొదలుపెట్టింది. సివిల్ డిప్లొమా, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ చదివిన కుర్రాళ్లు సొకియా, టాప్‌కాన్, లైకా, నికాన్ పేర్లను సినిమా హీరోల పేర్లంత మామూలుగా పలికేవాళ్లు. వాళ్లలో కొందరు దుబాయ్, ఖతార్, సౌదీ సైట్లకు వెళ్లారు. అక్కడ జీతం మారింది కానీ కేబుల్ తంటా మారలేదు.

తంటా అంతా ఆర్‌ఎస్‌-232 అనే ప్రమాణంలో ఉంది. అమెరికాలో ఎలక్ట్రానిక్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ 1960లో దాన్ని ప్రకటించింది. ఎక్కువమంది వాడిన "సీ" సవరణ 1969 నాటిది. టెలిఫోన్ లైను మీద సమాచారం పంపే మోడెమ్‌కూ, దాని ముందున్న టెర్మినల్‌కూ మధ్య తీగలు ఎలా ఉండాలో చెప్పడానికి పుట్టిన రాత అది. అందులో ఉన్నవి రెండే పాత్రలు, టెర్మినల్ ఒకటి, మోడెమ్ ఒకటి. టెర్మినల్ పంపే తీగ మీద మోడెమ్ వింటుంది, మోడెమ్ పంపే తీగ మీద టెర్మినల్ వింటుంది. అలా అయితే కేబుల్ నేరుగా ఉంటే చాలు.

టోటల్ స్టేషన్ దగ్గర ఈ లెక్క తప్పింది. కంప్యూటర్ తాను టెర్మినల్ అనుకుంటుంది. కొలిచే పరికరం కూడా చాలాసార్లు అలాగే అనుకుంటుంది. నేరుగా కలిపితే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, ఇద్దరూ ఇంకో తీగ మీద చెవి పెట్టి కూర్చుంటారు. అందుకే పంపే తీగనూ వినే తీగనూ మధ్యలో అడ్డంగా మార్చాలి. అలా మార్చిన కేబుల్‌ను "నల్ మోడెమ్" అనేవారు, సైట్లలో మాత్రం "క్రాస్ కేబుల్" అంటే చాలు.

దీనికి తోడు పిన్నుల గొడవ. మొదట్లో సీరియల్ పోర్టుకు 25 పిన్నులుండేవి. 1984లో ఐబీఎం పీసీ-ఏటీతో 9 పిన్నుల పోర్టు వచ్చింది. 25 పిన్నుల కంప్యూటర్లో పంపేది 2, వినేది 3, గ్రౌండ్ 7. 9 పిన్నుల కంప్యూటర్లో పంపేది 3, వినేది 2, గ్రౌండ్ 5. అంటే చిన్న కనెక్టర్లో 2, 3 తారుమారయ్యాయి. పాత మాన్యువల్‌లో 25 పిన్నుల బొమ్మ చూసి, అవే అంకెలతో 9 పిన్నుల కనెక్టర్‌కు టంకం పెట్టినవారి కేబుళ్లు ఎన్నో మూగబోయాయి. రెండు చోట్లా కనబడేవి అవే 2, 3 కాబట్టి తప్పు ఎక్కడుందో కంటికి దొరికేది కాదు.

పరికరం వైపు సంగతి వేరు. సొకియా, టాప్‌కాన్‌లలో గుండ్రటి హిరోసే కనెక్టర్, ఆరు పిన్నులు. లైకాలో లెమో కనెక్టర్, ఐదు పిన్నులు. పిన్నులు ఎన్ని ఉన్నా డేటాకు కావలసినవి మూడే: పంపేది, వినేది, గ్రౌండ్. ఆ మూడూ ఏ పిన్నులన్నది ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ కలవదు. కొన్నిటిలో ఒక పిన్ను మీద బ్యాటరీ కరెంటు కూడా ఉంటుంది. దాన్ని పొరపాటున సిగ్నల్ తీగకు కలిపితే లక్షలు పోసి కొన్న పరికరం పోర్టు కాలిపోతుంది.

కేబుల్ పని చేయనప్పుడు తెలిసినవాళ్లు కంగారు పడేవారు కాదు. ముందు లక్షణం చూసేవారు. స్క్రీను మీద ఏమీ రాకపోతే తప్పు తీగల్లో ఉంది. పిచ్చి అక్షరాలు వస్తే తప్పు సెట్టింగుల్లో ఉంది. డేటా మొదలై మధ్యలో లైన్లు ఎగిరిపోతే "ఆగు", "పంపు" అని చెప్పుకునే ఏర్పాటులో ఉంది. ఈ మూడింటినీ వేరు చేయగలిగితే సగం పని అయినట్టే.

ఏమీ రానప్పుడు మొదటి అనుమానం కంప్యూటర్ పోర్టు మీదే. పరికరాన్ని పక్కన పెట్టి, పోర్టులో 2, 3 పిన్నులను చిన్న తీగ ముక్కతో కలిపేవారు. తీగ లేకపోతే జడపిన్ను, పేపర్ క్లిప్పు. ఆ తర్వాత విండోస్‌లోని హైపర్‌టెర్మినల్ ప్రోగ్రాము తెరిచి కీబోర్డు మీద ఏదో ఒకటి కొట్టాలి. 3లోంచి బయటికెళ్లిన అక్షరం 2లోంచి తిరిగొచ్చి స్క్రీను మీద కనబడితే పోర్టు బతికే ఉంది. కలిపిన తీగ తీసేస్తే అక్షరాలు ఆగాలి. ఆగకపోతే ప్రోగ్రామే తాను కొట్టిన అక్షరాన్ని తనకు చూపించుకుంటోందని, పరీక్ష చెల్లదని అర్థం.

తరువాత మల్టీమీటర్. ఆర్‌ఎస్‌-232లో ఊరికే ఉన్న తీగ మీద కూడా వోల్టేజి ఉంటుంది. ప్రమాణం ప్రకారం మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల దాకా ఉంటే "1", ప్లస్ 3 నుంచి ప్లస్ 15 దాకా ఉంటే "0". మాట్లాడకుండా ఖాళీగా ఉన్నప్పుడు పంపే తీగ మైనస్‌లో నిలబడి ఉంటుంది. మీటర్ నల్ల ప్రోబు గ్రౌండ్ మీద, ఎర్ర ప్రోబు ఒక్కో పిన్ను మీద పెట్టి చూస్తే మైనస్ పదో, ల్యాప్‌టాప్ అయితే మైనస్ ఐదారో చూపించిన పిన్నే పంపేది. వినే పిన్ను మీద సున్నాకు దగ్గరగా ఉంటుంది. కంప్యూటర్ వైపూ, పరికరానికి తగిలించిన కేబుల్ చివరా ఇలాగే చూడాలి. రెండు చోట్లా 3వ పిన్నే మైనస్ చూపిస్తే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడుతున్నట్టు. విప్పి 2, 3 మార్చాల్సిందే. మాన్యువల్ పోయిన పరికరాన్ని కూడా ఈ ఒక్క పరీక్షతో దారికి తెచ్చినవాళ్లున్నారు.

కొలతలు దాచుకునే డేటా లాగర్లు కొన్ని ఇక్కడా ఏమార్చేవి. వాటి పిన్ను మీద మైనస్ ఉండదు, సున్నా నుంచి ఐదు వోల్టులే. అలాంటివాటికి మధ్యలో మ్యాక్స్‌232 అనే చిప్పు పెట్టాలి. 1987లో వచ్చిన ఆ చిప్పు నాలుగు కెపాసిటర్ల సాయంతో ఐదు వోల్టుల నుంచే ప్లస్, మైనస్ వోల్టేజీలను పుట్టిస్తుంది. చిన్న బోర్డు మీద దాన్ని టంకం పెట్టి, ప్లాస్టిక్ డబ్బీలో బిగించి కేబుల్ మధ్యలో వేలాడదీసేవారు.

పిచ్చి అక్షరాల కథ ఇంకా సరదాగా ఉండేది. రెండు వైపులా వేగం కలవకపోతే స్క్రీనంతా గజిబిజి. పాత సొకియాలు 1200 బాడ్‌లో ఎక్కువగా కనబడేవి, లైకాకు పూర్వరూపమైన వైల్డ్ పరికరాలు 2400లో. వేగం సరిపోయినా, తప్పు పట్టడానికి అక్షరం వెంట పంపే పారిటీ బిట్టు సెట్టింగు కలవకపోతే వచ్చే తప్పు వేరు. పరికరం ఏడు బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతుంటే, కంప్యూటర్ ఎనిమిది బిట్లు, పారిటీ లేదు అని వింటుందనుకుందాం. అప్పుడు 0, 3, 5, 6, 9 సరిగ్గానే వస్తాయి. 1, 2, 4, 7, 8 మాత్రం వింత గుర్తులుగా మారతాయి. కారణం లెక్కలోనే ఉంది. మొదటి ఐదు అంకెల కోడ్‌లో "1"లు సరి సంఖ్యలో ఉంటాయి కాబట్టి పారిటీ బిట్టు సున్నా. మిగతా వాటిలో బేసి సంఖ్యలో ఉంటాయి కాబట్టి పారిటీ బిట్టు ఒకటై, ఎనిమిదో బిట్టులా చేరి అక్షరాన్ని మార్చేస్తుంది. సగం అంకెలు బాగుండి సగం చెడితే అనుభవజ్ఞులు కేబుల్ జోలికి వెళ్లేవారు కాదు. "పారిటీ మార్చవయ్యా" అని అక్కణ్నుంచే అనేవారు.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే డేటా వచ్చినట్టే కనబడుతుంది. ఆరు వందల బిందువుల్లో ఐదు వందల ఎనభై వచ్చాయని ఎవరూ లెక్కపెట్టకపోతే, తప్పు డ్రాయింగులో కాలువ గట్టు విరిగినట్టు కనబడినప్పుడే తెలుస్తుంది. పాత పీసీల్లోని 8250 చిప్పు ఒక్కసారికి ఒక్క అక్షరాన్నే పట్టుకోగలదు. కంప్యూటర్ ఫ్లాపీ మీద రాసే పనిలో పడితే వచ్చే అక్షరాలు జారిపోతాయి. తర్వాత వచ్చిన 16550ఏ చిప్పులో పదహారు అక్షరాల జాగా ఉంది. అది నిండేలోపు కంప్యూటర్ "ఆగు" అనాలి. కొన్ని ప్రోగ్రాములు దీనికి కంట్రోల్-ఎస్, కంట్రోల్-క్యూ అక్షరాలు పంపేవి. కొన్ని వేరే తీగల మీద సైగ చేసేవి. పరికరం వైపు ఆ తీగలే లేకపోతే? డాస్ ప్రోగ్రాము ఎదుటివాడు సిద్ధమనే సైగ కోసం ఎంతసేపైనా కూర్చుంటుంది. దానికి విరుగుడుగా కంప్యూటర్ వైపు కనెక్టర్లోనే 7ను 8తో, 4ను 6, 1లతో కలిపేసేవారు. కంప్యూటర్ తన సైగను తానే విని, అవతలివాడు ఒప్పుకున్నాడని నమ్మేది.

అప్పటికీ లైన్లు పోతుంటే వేగం తగ్గించడమే. 1200 బాడ్ అంటే సెకనుకు 120 అక్షరాలు. ఒక్కో బిందువుకు అరవై అక్షరాల చొప్పున ఆరు వందల బిందువులకు 36,000 అక్షరాలు, ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ కేబుల్‌ను ఎవరూ కదిలించకూడదు. షెడ్డులోకి వచ్చే వాచ్‌మన్‌ను కూడా గుమ్మంలోనే ఆపేవారు.

స్క్రీను మీద పరుగెత్తే ఆ లైన్లను చదవగలిగిన సర్వేయర్లు ఉండేవారు. లైకా వాడే జీఎస్‌ఐ ఫార్మాట్‌లో 11 అని మొదలైతే బిందువు నంబరు, 21 అయితే క్షితిజ సమాంతర కోణం, 22 నిలువు కోణం, 31 ఏటవాలు దూరం, 81 తూర్పు కొలత, 82 ఉత్తరపు కొలత, 83 ఎత్తు. "ఎనభై మూడు చూడు, ఇక్కడ మీటరున్నర తేడా ఉంది, ప్రిజం ఎత్తు మార్చడం మర్చిపోయావా?" అని డ్రాయింగు వేయకముందే హెల్పర్‌ను అడిగినవాళ్లున్నారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఆ లైన్లను ఎవరికీ చూపించదు.

కరెంటు కూడా ఓ శత్రువే. తాత్కాలిక సైటు ఆఫీసుల్లో ఎర్తింగ్ సరిగా ఉండేది కాదు. ఎర్త్ లేని ప్లగ్గుకు కంప్యూటర్ తగిలిస్తే, దాని పవర్ సప్లయ్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజి నిలుస్తుంది. చెయ్యి తగిలితే జివ్వుమనేది అందుకే. కరెంటు కొద్దిపాటిదే, మనిషికి జలదరింపుతో సరి. సీరియల్ పోర్టు చిప్పుకు మాత్రం అదే చావు. అందుకే కంప్యూటర్, పరికరం రెండూ ఆపి ఉన్నప్పుడే కేబుల్ తగిలించి, తర్వాతే స్విచ్ వేయాలన్న నియమం పుట్టింది. పుస్తకం చూసి ఈ నియమం నేర్చుకున్నవాళ్లు తక్కువ, పోర్టు కాలిపోయాక నేర్చుకున్నవాళ్లు ఎక్కువ.

ఈ విద్యకు సరుకు దొరికే చోట్లు కొన్నే. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే 9 పిన్నుల, 25 పిన్నుల కనెక్టర్లు, వాటి హుడ్లు, మగ కనెక్టర్‌ను ఆడగా మార్చే జెండర్ చేంజర్లు, మీటర్ల లెక్కన షీల్డెడ్ వైరు దొరికేవి. చెన్నై అయితే రిచీ స్ట్రీట్, ముంబై అయితే లామింగ్టన్ రోడ్. హిరోసే, లెమో కనెక్టర్లు మాత్రం అంత తేలికగా దొరికేవి కాదు. అందుకే పరికరంతో వచ్చిన అసలు కేబుల్ తెగినా గుండ్రటి చివరను పారేయకుండా దాచుకునేవారు. దానికి కొత్త వైరు అతికి, అవతలి చివర కొత్త కనెక్టర్ వేసేవారు. తయారైన కేబుల్‌కు తెల్ల టేపు జెండా చుట్టి, మార్కర్‌తో పరికరం పేరు, వేగం, పారిటీ రాసేవారు. తోటి సర్వేయర్ పరికరం అద్దెకు తీసుకున్నప్పుడు ముందు అడిగేది, "కేబుల్ నీదేనా, టెస్ట్ చేశావా?" అనే.

ఇది ఒక్క సర్వేయర్ల బతుకే కాదు. ల్యాబుల్లో స్పెక్ట్రోఫోటోమీటర్లు, మిల్లుల దగ్గర వే బ్రిడ్జి ఇండికేటర్లు, బాలానగర్ లాంటి చోట్ల వర్క్‌షాపుల్లో సీఎన్‌సీ మెషిన్లు కూడా ఇవే తీగల మీద మాట్లాడేవి. ఒక చోట నేర్చినవాడు ఇంకో చోట బతకగలిగేవాడు.

డేటా దించే ప్రోగ్రాముల్లో పెద్దరికం కెర్మిట్‌ది. కొలంబియా యూనివర్సిటీలో 1981లో పుట్టింది. విండోస్ 95తో హైపర్‌టెర్మినల్ ఇంటింటికీ వచ్చింది. "క్యాప్చర్ టెక్స్ట్" నొక్కి, పరికరంలో "సెండ్" నొక్కడం సర్వే పాఠాల్లో ఒకటైపోయింది. 2007లో వచ్చిన విండోస్ విస్టాలో మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది. అప్పటికే కొత్త ల్యాప్‌టాప్‌లలో సీరియల్ పోర్టు కనుమరుగవుతోంది.

పోర్టు పోయాక యూఎస్‌బీ కన్వర్టర్ వచ్చింది, కొత్త రోగాలు తెచ్చింది. ఒక్కో యూఎస్‌బీ రంధ్రంలో పెడితే ఒక్కో నంబరు. అది కామ్‌17గా వస్తే, పాత ప్రోగ్రాము కామ్‌4 దాటి చూడలేదు. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి నంబరు మార్చాలి. చౌక కన్వర్టర్లలో నకిలీ చిప్పులు ఎక్కువ. 2014లో ఎఫ్‌టీడీఐ కంపెనీ కొత్త డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి, నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నా చేసేసింది. నిన్నటిదాకా పని చేసిన కేబుల్ తెల్లవారేసరికి కంప్యూటర్‌కు అపరిచితమైంది. వ్యతిరేకత రావడంతో ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. అంతకు ముందే 64 బిట్ విండోస్ వచ్చి పాత 16 బిట్ డాస్ ప్రోగ్రాముల తలుపు మూసేసింది.

ఇప్పుడు సర్వేయర్ చేతిలో ఉపగ్రహాల సాయంతో స్థానం చెప్పే జీఎన్‌ఎస్‌ఎస్ రోవర్ ఉంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలను నిరంతరం అందుకునే కార్స్ స్టేషన్లు, రోవర్లు కలిసి పని చేశాయి. ఆ స్టేషన్లు పంపే సవరణలు మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పొలం గట్టు మీదికే వస్తాయి. కొత్త టోటల్ స్టేషన్లకు పెన్‌డ్రైవ్, బ్లూటూత్ ఉన్నాయి. రాత్రిపూట డేటా దించడమనే ఘట్టమే రోజువారీ పనిలోంచి తప్పుకుంది. దానితోపాటు మీటరు పట్టుకుని పిన్నులు వెతికే మనిషి కూడా. లాభం ఎవరూ కాదనరు. నష్టం ఒక్కటే, పాత పరికరం చెడిపోకపోయినా చెడిపోయినట్టే మూలన పడుతోంది. కోణం ఇప్పటికీ సరిగ్గా కొలుస్తుంది, దూరం తప్పదు. లెన్సు శుభ్రంగా ఉంటుంది. లోపలి డేటాను బయటికి తెచ్చే మూడు తీగల సంగతి మాత్రం ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు.

పాలిటెక్నిక్ ల్యాబుల్లో, ప్రైవేటు సర్వే ఆఫీసుల్లో, ప్రభుత్వ స్టోర్లలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మీ దగ్గర ఒకటుంటే తుక్కు కింద రాసేముందు కొంచెం ఆగండి. కేబుల్ రెండు చివర్లూ విప్పి, ఏ పిన్ను దేనికి కలిసిందో మీటర్‌తో చూసి కాగితం మీద రాయండి. వేగం, పారిటీ, బిట్ల సంఖ్య పక్కనే రాయండి. మాన్యువల్‌లో కనెక్టర్ బొమ్మ ఉన్న పేజీనీ, డేటా దించుకునే పాత ప్రోగ్రామునూ కాపీ చేసి దాచండి. ఆ కాగితాన్ని పరికరం పెట్టెలోనే, కేబుల్‌తో కలిపి పెట్టండి.